ఆమేనమ్మ

"ఆ రాజు కథ మళ్ళీ సెప్పు. మొదటికాణ్ణించి సెప్పు," అన్నాడు ఎలీయేజరు గడప మీద కూర్చుని.

దెబోరా రోకలి ఎత్తింది. రోట్లో సామలున్నాయి, పొయ్యి మీద చోడి అంబలి ఉడుకుతోంది, వాకిట్లో ఇంకా పేడనీళ్ళు చల్లలేదు. రోకటి పోటుకొక మాట చొప్పున ఆమె చెబుతుంటే, ఆ మాటనే అతను పెద్ద గొంతుతో తిరిగి అంటున్నాడు. ఆ ఇంట్లో మూడేళ్ళుగా ప్రతి శనివారం పొద్దున్నా ఇదే తంతు. దారిన పోయేవాళ్ళు చూసి, ఉపదేశిగారు పెళ్ళానికి వాక్యం నేర్పుతున్నారని మెచ్చుకునేవారు. ఏం చెబుతాం! నేర్చుకునేది ఉపదేశిగారే. దంచేదీ ఆవిడే, నేర్పేదీ ఆవిడే.

అరకు లోయకు పై కొండ మీద ఉన్న కొర్రగుడలో ఎలీయేజరు మిషను ఉపదేశి. ఆదివారం ప్రార్థన చేయిస్తాడు, తక్కిన రోజుల్లో అయిదారుగురు మగపిల్లల చేత పాఠాలు వల్లె వేయించి బడి నడుపుతాడు. పదమూడేళ్ళ కిందట పెళ్ళి చేసుకుని దెబోరాను ఈ కొండ మీదికి తెచ్చినప్పుడు అతని కళ్ళు బాగానే ఉండేవి. పొద్దున్నే లేచి బైబిలు పైకి చదివేవాడు. ఆమె దంచుతూ, చెరుగుతూ, పొయ్యి ఊదుతూ వినేది. వినాలని కూర్చుని విన్నది ఏనాడూ లేదు. కూర్చునే తీరిక ఎవరిచ్చారు గనక! అయినా పదేళ్ళలో ఆ పుస్తకం ముప్పాతిక వంతు ఆమె తలలోకి వచ్చి కూర్చుంది. అక్షరం ముక్క మాత్రం రాదు. ఒకసారి నేర్పమని అడిగితే, "నీకెందుకే అది? ముందు అంబలి మాడకుండా సూసుకో," అన్నాడు. కూతురు సత్యకుమారికీ నేర్పలేదు. ఆడగుంటకెందుకన్నాడు.

మూడేళ్ళ కిందట అతని కళ్ళకు పొర కమ్మడం మొదలైంది. మొదట సన్నక్షరాలు పోయాయి, తరువాత పెద్దక్షరాలూ పోయాయి. ఇప్పుడు మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. ఈ సంగతి మిషను వాళ్ళకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, ఉండే ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆ మొదటి రోజుల్లోనే ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో అతనికి మాట అందక నిలబడిపోయాడు. ఆడవాళ్ళ చాప మీద ముందు వరసలో ఉన్న దెబోరా ఎవరికీ అనుమానం రాకుండా ముందు గట్టిగా "ఆమేన్" అని, దాని వెనకే గొంతు తగ్గించి తరువాతి మాట అందించింది. అతను టక్కున పట్టుకున్నాడు. అప్పటినించీ అదే పద్ధతి. ఆమె కొండమాటలో గొణిగితే, దాన్ని పుస్తకం మాటల్లో పెట్టి గంభీరంగా పలుకుతాడు. ఆ విద్య మాత్రం అతనిదే, కాదనకూడదు.

ఊళ్ళో ఆమెకు ఆమేనమ్మ అని పేరు పడిపోయింది. కిందనించి వచ్చిన పాస్టరుగారు కూడా, ఎంత భక్తి అమ్మా నీది అని తల మీద చెయ్యి పెట్టి దీవించారు. భక్తేమిటి బాబూ, పొట్టతిప్పలు! ఒక చలికాలం జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే, మొగుడు దుప్పటి చుట్టి మరీ తీసుకెళ్ళి చాప మీద కూర్చోబెట్టాడు. ఆ రోజూ పది ఆమేన్లు అంది. ఇంటికొచ్చాక అత్త సవరమ్మ అంబలి జుర్రుకుంటూ, "నా కొడుకు నోట్లో దేముడే మాటలెడతాడే," అని మురిసిపోయింది. ఎలీయేజరు అక్కడే ఉన్నాడు, విన్నాడు. నా పెళ్ళాం పెడుతోందమ్మా అని ఒక్క మాట అంటే అతని సొమ్మేం పోయేది? అనలేదు. అత్త ఆ నమ్మకంతోనే పోయింది. ఆ తరువాత భార్యతో అతను అన్నదల్లా, "మరీ గట్టిగా అందియ్యకు, అవతలోళ్ళకి ఇనబడతాది," అని.

ఇలాగే ఇంకా ఎన్నేళ్ళయినా సాగేదేమో. మధ్యలో రోడ్డు వచ్చింది.

కొండల్లో పితూరీ అణిగి రెండేళ్ళయింది. మళ్ళీ అలాంటిది లేవకుండా ఘాటీలోంచి రోడ్డు వేయాలని సర్కారు పూనుకుంది. రోడ్డు వేయించే తెల్లదొర డేరాలు కొర్రగుడ పక్కన దిగాయి. ఇంటికో మనిషి చొప్పున వెట్టికి రావాలన్నారు. మగవాళ్ళు దొర కుర్చీ మోశారు, పెట్టెలు మోశారు, దొర గుర్రం కన్నా ముందు పరిగెత్తి దారిలో ముళ్ళు ఏరారు. ఆడవాళ్ళు రాయి కొట్టారు, నీళ్ళు మోశారు. కోళ్ళు, గుడ్లు, తేనె ఎవరింట్లో ఉంటే వాళ్ళింట్లోంచి డేరాకు పోయాయి. ఎవరైనా ఏమన్నా అంటే, పితూరీ మనుషులా మీరు అని జవాన్లు కళ్ళెర్రజేసేవారు. దాంతో ఊరంతా నోరు కట్టేసుకుంది.

గురువారం నాడు దొర బట్లరు ఫిలిప్పు వచ్చాడు. వాల్తేరు మనిషి, మిషను వాడే. దెబోరా ఇచ్చిన మంచినీళ్ళు తాగి మాట విప్పాడు.

"ఆదోరం దొరగారు మీ పార్థనకొత్తారు. అధికారులకి లోబడాలని మంచి వాక్యం సెప్పించమన్నారు, ఉపదేశిగారూ. ఇంకోటేటంటే, దొరసానమ్మకి సిన్నబాబుని ఎత్తుకోడానికి, వంట కాడ సాయానికి ఒక గుంట కావాల. మన కిరస్తానీ గుంటయితే మేలంటన్నాది. మీ సత్యకుమారి బాగుంటాది. సోమారం డేరాలెత్తేత్తారు, అప్పుడు తోలుకుపోతాం."

"మళ్ళా ఎప్పుడొత్తాది?" అంది దెబోరా.

ఫిలిప్పు గ్లాసు కింద పెట్టాడు. "దొరసాని సీమకెల్తే ఎల్తాది. నేకపోతే వత్తాది. మనకేటి తెలుసు?"

ఎలీయేజరు ఆ మాట విననట్టే గొంతు సవరించుకుని, సన్నక్షరాలు కాస్త మసకగా ఉంటున్నాయి, ఒక కళ్ళజోడు దొరికితే బాగుండును అన్నాడు. దానికేం, దొర ఇట్టే తెప్పిస్తాడన్నాడు ఫిలిప్పు. అయిపోయింది. గుంట వెళుతుంది, జోడు వస్తుంది. పొరలు కమ్మిన కళ్ళకు జోడు పనిచేస్తుందో లేదో ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తన కూతురికి అక్షరాలు నేర్పి ఉంటే ఇంట్లోనే రెండు కళ్ళుండేవన్న సంగతి మటుకు ఆ తండ్రికి తట్టనే లేదు.

బట్లరు వెళ్ళాక దెబోరా మొగుడి ఎదుట నిలబడింది.

"గుంటని పంపనండి. సోములమ్మ కూతురు రత్నాలు సంగతి మర్సిపోనారా?"

మూడేళ్ళ కిందట ఇలాగే ఇంకో దొర మకాం వెంట సోములమ్మ కూతురిని తీసుకెళ్ళారు. అప్పుడు రత్నాలుకు పన్నెండేళ్ళు. మళ్ళీ మనిషి లేదు, కబురు లేదు. సోములమ్మ మిషను మనిషి కాదు, కొండదేవతలకు మొక్కుకునే మనిషి. ప్రతి సంతకూ వెళ్ళి, కిందనించి వచ్చిన ఉప్పు వర్తకుల్ని, బళ్ళవాళ్ళని పట్టుకుని అడుగుతుంది, ఎడం చెంప మీద మచ్చున్న గుంటని ఎక్కడన్నా చూశారా బాబూ అని.

"దానికీ దీనికీ పోలికేటి?" అన్నాడు ఎలీయేజరు. "అధికారం దేముడిచ్చింది. దొర మీద దేముడున్నాడు. నా మీద దొరున్నాడు. నీ మీద నానున్నాను. మజ్జిలో నీ పెత్తనమేటి?"

దెబోరా ఆ లెక్కన కిందికి చూసుకుంది. తన కింద సత్యకుమారి ఉంది. సత్యకుమారి కింద కోడిపెట్ట ఉండేది. దాన్ని మొన్న మంగళవారమే దొర వంటకు పట్టుకుపోయారు. ఇప్పుడు సత్యకుమారి వంతు వచ్చింది, అంతే. అంత బాధలోనూ ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. అంబలి తెర్లుతోందని లోపలికి పోయింది.

అలా శనివారం వచ్చింది. ఆదివారం ఏ వాక్యం చెప్పాలో ఎలీయేజరు రెండ్రోజులు ఆలోచించి, జనం మాకొక రాజు కావాలని సమూయేలు ప్రవక్తను అడిగిన కథ తీశాడు. దొర ముందు రాజు కథ కన్నా మంచిదేముంది! జనం రాజును అడిగారు, వాళ్ళ మాట వినమని దేముడు చెప్పాడు, రాజును ఇచ్చాడు. అందుచేత రాజుకూ, రాజు పంపిన దొరకూ లోబడి ఉండండి. అతనికి గుర్తున్న కథ అంతే. ఒకప్పుడు పూర్తిగా చదివినవాడే. మధ్యలోది మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు.

రోకలి ఆపి, "మజ్జిలో ఇంకో మాటుందండి," అంది.

"ఏ మాట?"

"రాజు వత్తే ఏటేటి అట్టుకుపోతాడో సమూయేలు ముందే..."

"నోరుమూయ్!" అన్నాడు. "సెప్పమన్నదే సెప్పు. పెసంగం నాదా, నీదా? మజ్జిలోది మనకక్కర్నేదు. అడిగినారు, ఇచ్చినాడు. అంతే అందియ్యి."

సరే అని రోకలి ఎత్తింది. ఆ రోజు సామలు మామూలు కన్నా మెత్తగా నలిగిపోయాయి. దంచుతున్నంతసేపూ మనసు ఒక్కచోట నిలవలేదు. రేపు తను నోరు విప్పకపోతే ఆయన దొర ముందు నిలువునా నిలబడిపోతాడు, గుడ్డితనం బయటపడుతుంది, మిషను ఇల్లు పోతుంది. పోతే ఎక్కడికి పోవాలి? పుట్టింటికా? బాప్తిస్మం తీసుకున్న నాడే, ఇక ఈ గడప తొక్కకని మాడుగుల దగ్గర ఉన్న అన్న తెగేసి చెప్పాడు. పోనీ గుంటను తీసుకుని అడవిలోకి పారిపోతే? జవాన్లు రెండు కొండలు దాటకముందే పట్టుకుంటారు, పితూరీ మనిషని పేరు పెడతారు. నోరు విప్పి అందిస్తే ఆయన పరువు నిలబడుతుంది, కళ్ళజోడు వస్తుంది, గుంట పోతుంది. ఎటు తిరిగినా గోడే. ఈ ఇంట్లో తను మాట్లాడినన్ని మాటలు ఎవరూ మాట్లాడలేదు, కానీ వాటిలో ఒక్కటీ తన మాట కాదు. బాప్తిస్మం నాడు పాస్టరుగారు దెబోరా అని పేరు పెడితే, ఎవరావిడ అని అడిగింది. ఏదో పుస్తకంలో పేరులే అన్నాడు మొగుడు. తరువాతెప్పుడో అతను చదువుతుంటే విన్నది. ఆ దెబోరా కూడా మన్యంలోనే ఉండేదట. చెట్టు కింద కూర్చుంటే జనం తగువులు పట్టుకొచ్చేవారట, ఆవిడ తీర్పు చెబితే వినేవారట. ఆ రోజు ఇంట్లో చోళ్ళు విసురుతూ విన్నది గనక, తిరగలి శబ్దంలో సరిగ్గా వినబడలేదేమో అనుకుంది. ఆడది చెబితే ఊరు వినడమేమిటి?

మధ్యాహ్నం సత్యకుమారి తన పరికిణీ, దువ్వెన, గవ్వల సంచీ ఒక గుడ్డలో మూట కట్టుకుంది. "అమ్మా, దొరసాని నన్ను కొడతాదేటి?" అని అడిగింది. దెబోరా కూతురి తలకు నూనె రాసి, ఇంకొంచెం రాసి, జడ వేసింది.

ఆదివారం ప్రార్థన మందిరం కిక్కిరిసిపోయింది. గడ్డి కప్పు కింద మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద. దొర కుర్చీ ముందు వేశారు. దొర చేతిలో తన భాష బైబిలు, కుర్చీ వెనక చేతులు కట్టుకుని ఫిలిప్పు. రాయి కొట్టే వాళ్ళను కూడా వాక్యం వినడానికి రమ్మన్నారు. మిషను మనుషులు కానివాళ్ళు గుమ్మం బయట నిలబడ్డారు. వాళ్ళలో సోములమ్మ ఉంది. ముందు వరసలో దెబోరా, ఆమె పక్కన సత్యకుమారి.

ఎలీయేజరు బైబిలు తెరిచి పట్టుకున్నాడు. ఏ పుట తెరిచాడో అతనికే తెలియదు. "మొదటి సమూయేలు, ఎనిమిదో అధ్యాయం," అన్నాడు. ఫిలిప్పు వంగి చెప్పాడు, దొర తన పుస్తకంలో అది తీసి, వరస మీద వేలు పెట్టాడు. దెబోరా ఆ వేలు చూసింది. కథ నడుస్తున్న కొద్దీ ఫిలిప్పు దొర చెవిలో గొణుగుతున్నాడు, వేలు నెమ్మదిగా కిందికి దిగుతోంది.

జనం రాజును అడిగారన్నాడు ఎలీయేజరు. వాళ్ళ మాట వినమని దేముడు చెప్పాడన్నాడు. అక్కడ ఆగాడు. ఆమేన్ కోసం ఆగాడు. పక్కన సత్యకుమారి చెయ్యి చల్లగా తగిలింది దెబోరాకు. నూనె వాసన వేస్తోంది. 'రాజును ఇచ్చాడు' అని అందించాలి. నోట్లో మాట సిద్ధంగానే ఉంది.

"ఆమేన్," అంది గట్టిగా. వెనకే గొంతు తగ్గించి, "ఆ రాజెలాటోడో ఇనండర్రా అన్నాడు సమూయేలు," అంది.

ఎలీయేజరు అలవాటుగా పట్టుకున్నాడు. "మిమ్మును ఏలబోవు రాజు ఎట్టివాడో వినుడని సమూయేలు పలికెను!" అన్న తరువాత గానీ, ఇది నిన్న దంచినప్పుడు లేని మాట అని తట్టలేదు. తడబడ్డాడు. కానీ ఫిలిప్పు వంగి చెప్పగానే దొర వేలు సరిగ్గా ఆ వరస మీదే నిలిచింది. దొర తల ఊపి, చెప్పు అన్నట్టు చూశాడు. ఎలీయేజరుకు ఆ మొహం కనిపించలేదు గానీ, ఫిలిప్పు "కానీయండి" అనడం వినిపించింది. పుస్తకం చేతిలో తెరిచి ఉంది. చదవనని ఎలా అంటాడు?

"ఆమేన్. మీ కొడుకుల్ని అట్టుకుపోతాడు. తన బండి ముందర పరిగెట్టిత్తాడు."

"మీ కుమారులను తీసికొని తన రథముల ముందర పరుగెత్తించును!" అన్నాడు ఎలీయేజరు. గొంతులో మునుపటి గట్టితనం లేదు. గుమ్మం బయట మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుర్రం ముందు పరిగెత్తిన కాళ్ళకు ఇంకా ముళ్ళగాట్లు మానలేదు. ఓలమ్మో, మన సంగతి ఈ పుస్తకంలో ఎవుడు రాసేడ్రా అని ఎవరో అన్నారు.

"ఆమేన్. తన భూమి దున్నిత్తాడు, తన పంట కోయిత్తాడు."

అదీ చెప్పాడు. పొర కమ్మిన కళ్ళు ఆడవాళ్ళ చాప వైపే తిరిగి ఉన్నాయి. ఆ కళ్ళు బతిమాలుతున్నాయని దెబోరాకు తెలుసు. పదమూడేళ్ళు ఆ మొహం చూసి ఆకలో, కోపమో, తలనొప్పో చెప్పకుండా తెలుసుకున్న మనిషి, అది తెలియదా? జాలేసింది. నిజంగానే జాలేసింది. అయినా ఈసారి ఆమేన్ అనలేదు. గొంతూ తగ్గించలేదు.

"మీ ఆడగుంటల్ని అట్టుకుపోతాడు. వంటలకెట్టుకుంటాడు. రొట్టెలు కాల్పించుకుంటాడు."

మందిరమంతా విన్నది. ఎలీయేజరు దాన్ని పుస్తకం మాటల్లో పెట్టలేదు. ఈ మాట ఎక్కడిదో, ఎవరి కోసమో అతనికి అర్థమైపోయింది. దొర తలెత్తి, ఈ ఆడమనిషి ఏమంటోందని ఫిలిప్పును అడిగాడు. ఫిలిప్పు దొర పుస్తకంలోకి చూశాడు, కిందికి చూశాడు. "అందులో ఉన్నదే సెప్పింది దొరగారూ," అన్నాడు సన్నగా. తరువాత దొరకు వాళ్ళ భాషలో చెప్పాడు. దొర వేలు ఆ వరస మీద ఆగిపోయింది. మెడ ఎర్రబడింది. చదువు, చదువు అన్నట్టు ఉపదేశి వైపు చెయ్యి విసిరాడు.

చదవడానికేముంది? దొర ఉన్నాడని, ఊరంతా ఉన్నదని, ఇన్నాళ్ళ రహస్యం ఒక్క మాటతో పోతుందని అతనికి గుర్తు లేకపోయింది కాబోలు. దారి తప్పినవాడు పిలిచినట్టు పైకే పిలిచాడు.

"దెబోరా! తరవాతేటి?"

ఆమె లేచి నిలబడింది. ప్రార్థనలో ఆడవాళ్ళు లేచి నిలబడడం ఆ మందిరంలో అంతకుముందు లేదు. ఇల్లు పోతుందని తెలుసు. రేపు పొద్దున రోలూ రోకలీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, మొగుడి వైపు కాకుండా దొర కుర్చీ వైపు తిరిగింది.

"తరవాత ఏటీ నేదు. మా గుంట రాదు."

చాప మీద ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. మూడేళ్ళుగా అందరి మాటకూ ఆమేన్ అన్న మనిషి మాటకు ఆమేన్ అనేవాళ్ళు ఆ మందిరం లోపల ఒక్కరూ లేకపోయారు.

గుమ్మం బయట, చంకలో రాళ్ళబుట్టతో నిలబడి ఉన్న సోములమ్మ అంది.

"ఆమేన్."